హార్డిమన్ కౌంటీ బావులు: హెచ్చరికకూ కుళాయికీ నడుమ పదకొండేళ్ళు

నీటి వలన వచ్చే వ్యాధులు అనగానే మనకు స్ఫురించేవి కలరా, టైఫాయిడ్, కామెర్లు, అతిసారం. ఇవన్నీ సూక్ష్మజీవుల వలన కలిగేవి. నీటిని కాచి చల్లార్చి తాగితే చాలావరకు దూరమయ్యేవి. అందుచేతనే మూడు తరాలుగా వైద్యులం "నీళ్ళు మరగబెట్టి తాగండి" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటూ వచ్చాము. అయితే నేలలో పాతిపెట్టిన వ్యర్థం నుండి బావిలోకి ఊరివచ్చే రసాయనం ఈ మాటకు లొంగదు. అది వచ్చిన రోజున ఎవరికీ వాంతులు కావు, జ్వరం రాదు. అది ఎక్కడి నుండి, ఎప్పుడు బయలుదేరిందో తెలుసుకొనుటకే ఏళ్ళు పడుతుంది. అటువంటి ఒక ఉదంతం యొక్క చరిత్రను ఈ వ్యాసంలో మీ ముందుంచుతున్నాను. జరిగినది అమెరికాలో. అయినా దానికి మూలమైన మందు పేరు మన పల్లెల్లో తెలియని వారు లేరు.

ఆ పేరు ఎండ్రిన్.

ప్రత్తి చేలలోను, పొగాకు తోటలలోను పురుగును చంపుటకు మన రైతులు ఒకప్పుడు విరివిగా వాడిన మందు అది. పురుగుమందు తాగి ప్రాణం తీసుకున్నారని చెప్పవలసి వస్తే, మందు ఏదైనా సరే "ఎండ్రిన్ తాగాడు" అనుట ఆ తరంలో పరిపాటి అయింది. మూర్ఛలతో ఆసుపత్రికి వచ్చిన అటువంటి రోగులను చూడని ప్రభుత్వ వైద్యుడు ఆనాడు అరుదు. మన దేశంలో 1990లో దానిని నిషేధించారు. తాగిన మనిషికి అది ఏమి చేస్తుందో మనకు తెలుసు. తయారైన చోట మిగిలిన మడ్డి ఏమయిందన్నది మాత్రం మనం అడగని ప్రశ్న.

పీపాలు పాతిన పొలం

అమెరికా దేశపు టెన్నెసీ రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున మెంఫిస్ నగరం ఉన్నది. అక్కడ వెల్సికాల్ అను సంస్థ ఎండ్రిన్, హెప్టాక్లోర్ వంటి క్లోరిన్ జాతి పురుగుమందులను తయారుచేసేది. 1963 చివరి నెలల్లో మిసిసిపీ దిగువ భాగాన చేపలు లక్షల సంఖ్యలో చచ్చి తేలినప్పుడు, అమెరికా ప్రజారోగ్య సేవా విభాగపు పరిశోధకులు వాటి శరీరాలలో ఎండ్రిన్‌ను గుర్తించి, ఈ కర్మాగారం వైపు వేలు చూపారు. సంస్థ ఆ ఆరోపణను అంగీకరించలేదు.

1964 ఆగస్టులో ఆ సంస్థ మెంఫిస్‌కు తూర్పున సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, హార్డిమన్ కౌంటీలోని టూన్ అను చిన్న పట్టణం సమీపాన 242 ఎకరాల భూమి కొన్నది. జనం పలుచగా ఉన్న పల్లె ప్రాంతమది. చుట్టుపట్ల కుటుంబాలన్నీ తమ పెరటి బావుల నీటి మీదనే ఆధారపడి బతికేవి. కొనుటకు ముందు ఆ నేల అడుగున ఏ మట్టి ఉన్నదో, నీరు ఎంత లోతున ఉన్నదో, ఏ దిక్కుకు పారుతున్నదో సంస్థ పరిశీలింపజేయలేదని తరువాత న్యాయస్థానం నమోదు చేసింది.

1964 అక్టోబరు నుండి 1973 జూన్ వరకు, అనగా తొమ్మిదేళ్ళకు కొంచెం తక్కువగా, అక్కడ కందకాలు తవ్వి వ్యర్థాలు పూడ్చారు. ద్రవ వ్యర్థాలు నింపిన ఉక్కు పీపాలే దాదాపు 3 లక్షలు. ఒక్కొక్కటి 55 గాలన్లది, అంటే మన లెక్కలో సుమారు 200 లీటర్లు పట్టేది. వీటికి తోడు పొడి వ్యర్థాల పెట్టెలు వందల కొద్దీ. ఉక్కు పీపా మట్టిలో ఎన్నాళ్ళుంటుంది? తడి తగిలితే తుప్పు పడుతుంది. తుప్పు పడితే చిల్లు పడుతుంది. దాని మీద కురిసిన ప్రతి వాన, లోపలి ద్రవాన్ని కొంచెం కొంచెంగా కిందికి దించుతుంది. ఇట్లు చెత్త నుండి ఊరి దిగే ద్రవాన్నే ఇంజనీర్లు లీచేట్ అంటారు.

1967: తొలి హెచ్చరిక

పూడ్చుట మొదలైన కొద్ది కాలానికే స్థానికులలో అనుమానం పుట్టింది. అమెరికా భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వారు వచ్చి పరీక్షించి 1967లో నివేదిక ఇచ్చారు. అందులోని సారాంశం రెండు మాటలు. ఒకటి: రసాయనాలు అప్పటికే పీపాలు దాటి అడుగు మట్టిలోకి దిగాయి. రెండు: ఊరివారు వాడుకునే భూగర్భజలాన్ని అవి ఇంకా చేరలేదు గాని, ఆ జలానికి ప్రమాదం పొంచి ఉన్నది.

వైద్యుని దృష్టితో చూస్తే ఇది ఎంత విలువైన ఘడియో గమనించండి. వ్యాధి కారకం గుర్తించబడింది, రోగి ఇంకా రోగి కాలేదు. పీపాలు పాతుట ఆనాడే ఆపి, పొరుగు కుటుంబాలకు వేరొక నీరు అందించి ఉంటే ఈ కథ అక్కడే ముగిసేది. అలా జరుగలేదు. రాష్ట్ర ప్రభుత్వం చర్య తీసుకొన్నది 1972లో. అత్యంత విషపూరితమైన వ్యర్థాలను ఆ సంవత్సరం ఆగస్టు నాటికి, మిగిలినవాటిని 1973 జూన్ నాటికి ఆపవలెనని ఆదేశించింది. నివేదికకూ ఆదేశానికీ నడుమ అయిదేళ్ళు గడిచాయి. ఆ అయిదేళ్ళూ పీపాలు వచ్చి పడుతూనే ఉన్నాయి.

ఆదేశం వచ్చిన తరువాతనైనా బావులు నిర్భయం కాలేదు. గేటు మూతపడింది గాని, భూమి లోపల ప్రయాణం ఆగలేదు. 1977 ప్రాంతంలో ఇరుగుపొరుగు కుటుంబాల వారు తమ బావి నీటికి వింత వాసన, చెడ్డ రుచి వస్తున్నాయని ఫిర్యాదు చేయసాగారు. తలనొప్పి, వికారం, కళ్ళమంట వంటి బాధలు చెప్పుకున్నారు. చెత్త వేయుట మానిన నాలుగేళ్ళకు ఇది బయటపడింది. "ఆ డంపు ఎప్పుడో మూసేశారండీ" అన్న మాట మీ ఊళ్ళో వినబడినప్పుడు, దయచేసి ఈ నాలుగేళ్ళను జ్ఞాపకం ఉంచుకోండి.

భూమి లోపలి దారిని ఎట్లు కనిపెడతారు?

భూగర్భజలం గుంటలో నిలిచిన నీరు కాదు. ఇసుక రేణువుల సందులలోను, రాతి పగుళ్ళలోను అది మెల్లగా నడుస్తూ ఉంటుంది. దాని నడక పైన కనబడే నేలవాలును బట్టి కాక, లోపలి నీటిమట్టపు వాలును బట్టి ఉంటుంది. అందుచేత పరిశోధకులు మొదట చేసే పని పరిశీలక బావులు తవ్వుట. మన జిల్లాలలో భూగర్భజల శాఖ వారు నీటిమట్టం కొలుచుటకు పెట్టే పిజోమీటర్ల వంటివే ఇవి. ఒకే వరుసలో లేని మూడు బావులలో మట్టాలు కొలిస్తే నీరు ఏ దిక్కుకు వాలుతున్నదో లెక్క కట్టవచ్చు. వ్యర్థానికి ఎగువన తవ్విన బావి సహజమైన నీరు ఎట్లుండునో చెబుతుంది. దిగువ బావులు అందులో కొత్తగా చేరినదేమిటో చెబుతాయి. రెండింటినీ పోల్చినప్పుడే నిజం తేలుతుంది.

హార్డిమన్‌లో 1976 నుండి సర్వేక్షణ సంస్థ ఇటువంటి శ్రద్ధతో మరల పరిశీలించింది. 1978 నివేదికలో తేలినదేమిటంటే, కాలుష్యం 1967లో కనబడినదానికంటె లోతుగానూ విశాలంగానూ వ్యాపించింది. అంతేకాదు, తొలి పరిశీలనలో అనుకోని దిశకు కూడా, ఇళ్ళున్న వైపుకు, నీరు నడుస్తున్నది. పదేళ్ళ కిందట కాగితం మీద గీసిన బాణం ఒక్కటే ఆధారంగా ఎవరి బావి క్షేమమో నిశ్చయించుట ఎంత అపాయమో దీనివలన తెలుస్తున్నది.

ఆ నీటిలో ప్రధానమైన విషం కార్బన్ టెట్రాక్లోరైడ్. దానితోపాటు క్లోరోఫాం, బెంజీన్, టెట్రాక్లోరోఇథిలీన్ మొదలైనవి కూడా కనుగొన్నారు. కొన్ని బావులలో కార్బన్ టెట్రాక్లోరైడ్ లీటరుకు 18,700 మైక్రోగ్రాముల వరకు ఉన్నది. తాగునీటిలో దీనికి అమెరికా ప్రభుత్వం తరువాత 1987లో నిర్ణయించిన హద్దు 5 మైక్రోగ్రాములు మాత్రమే. అనగా 3,700 రెట్లకు మించి. అయినను ఒక సంగతి చెప్పవలెను. ఆ కుటుంబాలు తాగుతున్న కాలానికి ఈ హద్దు లేనే లేదు. ప్రమాణం లేనంత మాత్రాన ప్రమాదం లేనట్లు కాదు.

కాలేయం చెప్పిన సాక్ష్యం

కార్బన్ టెట్రాక్లోరైడ్ వైద్యులకు కొత్తది కాదు. 1920 దశకంలో కొంకి పురుగులను చంపుటకు దానిని వైద్యులే రోగులకు మందుగా తాగించారు. తరువాత బట్టల డ్రై క్లీనింగ్‌లోను, మంటలార్పే సాధనాలలోను వాడారు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుందని అనుభవం మీద తెలిసి క్రమంగా విడిచిపెట్టారు. కాలేయ కణాలలోని ఎంజైములు దానిని విరగగొట్టే ప్రయత్నంలో అంతకంటె చురుకైన విషపు శకలాన్ని పుట్టిస్తాయి. ఆ శకలం కణపు పొరలలోని కొవ్వును కాల్చివేస్తుంది. మద్యపానం చేసేవారిలో ఆ ఎంజైములు ఎక్కువగా ఉంటాయి కనుక హాని కూడా ఎక్కువ.

సిన్సినాటి విశ్వవిద్యాలయ పరిశోధకులు 1978 నవంబరులో ఆ ప్రాంతపు ప్రజలకు రక్తపరీక్షలు చేశారు. కలుషిత బావుల నీరు వాడినవారిని, వాడని పొరుగువారితో పోల్చి చూశారు. వాడినవారిలో కాలేయ స్థితిని తెలిపే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, ఎస్.జి.ఓ.టి. సగటు ఎక్కువగా ఉన్నది. కొందరిలో కాలేయం స్వల్పంగా పెరిగి చేతికి తగిలింది. వీరిలో చాలామంది అప్పటికే ఆ నీరు తాగుట మానివేశారు. కాని స్నానానికి, ఉతకడానికి మరికొంత కాలం అదే నీటిని వాడారు. ఈ రసాయనం తేలికగా ఆవిరయ్యే స్వభావం గలది. ఇళ్ళలోని గాలిని పరీక్షించినప్పుడు అందులో కూడా అది కనబడింది. నోటి ద్వారా మానిన విషం ముక్కు ద్వారా వస్తున్నదన్నమాట.

తరువాత ఆ కుటుంబాలకు టూన్ పట్టణపు కుళాయి నీరు అందింది. బావులను పూర్తిగా విడిచిపెట్టిన రెండు నెలలకు, 1979 జనవరిలో, అవే పరీక్షలు మరల చేశారు. పెరిగిన అంకెలు దిగివచ్చాయి.

ఈ ఉదంతంలో నన్ను అన్నింటికంటె ఆలోచింపజేసిన సంగతి ఇదే. ఏ మందూ ఇవ్వలేదు. ఏ శస్త్రచికిత్సా చేయలేదు. నీరు మార్చారు, కాలేయం తనంతట తాను సర్దుకొన్నది. 1967లో హెచ్చరిక అందినప్పుడే ఈ పని చేయగలిగి ఉండేవారు. కాని జరిగినది 1978లో. మధ్యలో గడచిన పదకొండేళ్ళకు సాంకేతికమైన కారణమేదీ లేదు. పైపు వేయుట ఆనాడూ తెలిసిన విద్యే.

న్యాయస్థానంలో

బాధితులు సంస్థపై దావా వేశారు. 1986లో జిల్లా న్యాయస్థానం సంస్థను బాధ్యురాలిగా తేల్చి, ప్రతినిధులుగా నిలిచిన అయిదుగురు వాదులకు 50 లక్షల డాలర్లకు పైగా నష్టపరిహారమును, బాధిత వర్గమంతటికీ కలిపి 75 లక్షల డాలర్ల దండనాత్మక పరిహారమును ప్రకటించింది. 1988లో పై న్యాయస్థానం బాధ్యతను నిలబెట్టింది గాని పరిహారాలను చాలావరకు సవరించవలసి ఉన్నదన్నది. ఆ నీరు ఇటువంటి జబ్బు కలిగించగలదని సామాన్యంగా నిరూపిస్తే చాలదు. ఈ వ్యక్తికి వచ్చిన ఈ జబ్బు ఆ నీటి వలననే అని వైద్యపరమైన సహేతుక నిశ్చయంతో విడివిడిగా చూపవలెనని చెప్పింది. ముందుముందు క్యాన్సరు రావచ్చునన్న అవకాశాన్ని మాత్రమే చూపి పరిహారం పొందలేరన్నది.

ఈ తీర్పు బాధితులకు కఠినంగా తోచవచ్చును. కాని దానిలో మనకొక పాఠం ఉన్నది. పదేళ్ళ తరువాత "నా జబ్బు ఆ నీటిదే" అని నిరూపించుటకు కావలసినది ఆవేదన కాదు, కాగితం. ఎప్పుడు నీరు మారినది, అప్పుడు పరీక్షలో ఏమున్నది, ఒంట్లో ఏమున్నది అను వివరాలు తేదీలతో సహా ఉండవలెను. హార్డిమన్ ప్రజల విషయంలో 1978, 1979 రక్తపరీక్షలు లేకపోతే కాలేయపు సంగతి కూడా ఊహగానే మిగిలేది.

శరీరానికి రెండు నెలలు, నేలకు దశాబ్దాలు

మరి నేల మాటేమిటి? 1980లో వ్యర్థాల మీద వాన నీరు దిగకుండ బంకమట్టి కప్పు వేశారు. అదే ఏడాది డిసెంబరులో అమెరికా ప్రభుత్వం సూపర్‌ఫండ్ అను చట్టం చేసింది. కాలుష్యానికి కారకులైన వారి చేతనే శుద్ధి చేయించుట, వారు లేకున్న ప్రభుత్వమే పూనుకొనుట దాని ఉద్దేశం. 1983లో ఈ స్థలం ఆ చట్టం కింద ప్రాధాన్య జాబితాకు ఎక్కింది. కలుషిత జలాన్ని పైకి తోడి శుద్ధి చేయవలెనన్న నిర్ణయం 1991 నాటికి గాని జరుగలేదు.

తోడి శుద్ధి చేయుట అనగా, కాలుష్యం నడిచే దారిలో బావులు వేసి నీటిని పైకి లాగుట. ఆ నీటి గుండా గాలిని పంపి ఆవిరయ్యే రసాయనాలను విడదీస్తారు. మిగిలినదానిని బొగ్గు పొరలలో పట్టిస్తారు. వినుటకు సులభమే. అయితే కార్బన్ టెట్రాక్లోరైడ్ నీటికంటె ఒకటిన్నర రెట్లకు పైగా బరువైనది. అది నీటి అడుగుకు దిగి మట్టి సందులలో ఇరుక్కొని, ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా కరుగుతూ ఉంటుంది. బంకమట్టి పొరలలోకి ఇంకినది, చుట్టూ నీరు శుభ్రపడిన తరువాత మరల బయటికి వస్తుంది. అందుచేత అంకెలు మొదట్లో త్వరగా పడిపోయి, తరువాత మొండికేసి నిలిచిపోతాయి. మనిషి కాలేయం రెండు నెలలలో కోలుకున్నచోట భూమి దశాబ్దాలకు కూడా కోలుకోదు. కనుక భూమి శుభ్రపడేవరకు మనిషిని ఆగమనుట అన్యాయం. మొదట మనిషిని నీటి నుండి తప్పించవలెను, తరువాత నీటిని విషం నుండి తప్పించవలెను.

మీరు చేయదగినది

మన చెత్త గుట్టలలో ఉన్నది ఎక్కువగా ఇళ్ళ చెత్త. పురుగుమందుల మడ్డి కాదు. అయినను కథ నడిచే దారి ఒకటే. హైదరాబాదు నగరపు చెత్త చేరే జవహర్‌నగర్‌లో పాత గుట్టను మట్టితోను కృత్రిమ పొరలతోను కప్పారు. దాని ఊట చేరిన మల్కారం చెరువు నీటిని శుద్ధి చేయు పని చేపట్టారు. ఇవి హర్షించదగినవే. అయితే కప్పు వేసిన నాడు ఊట తగ్గుతుంది గాని, అప్పటికే భూమిలోకి దిగినది దిగినట్లే ఉంటుందని ఇంతకు ముందే చూశాము. అటువంటి గుట్టకో, మూతపడిన రసాయన కర్మాగారానికో సమీపంలో మీరు నివసిస్తున్నట్లయితే ఈ సంగతులు గుర్తుంచుకోవలసినదిగా మనవి.

మొదటిది, మీ బోరు నీటిని పరీక్ష చేయించండి. వేసవి చివర ఒకసారి, వానలు వెళ్ళిన తరువాత ఒకసారి చేయించుట మేలు. ఇళ్ళ చెత్త గుట్ట దగ్గరైతే కరిగిన లవణాలు, క్లోరైడు, నైట్రేటు, అమ్మోనియా, భారలోహాలు చూడమనండి. మన దేశ ప్రమాణం ప్రకారం నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదు. మించిన నీటితో పాలపొడి కలిపి పట్టిన పసిబిడ్డలు నీలిబారే ప్రమాదమున్నది. రసాయన వ్యర్థాల అనుమానముంటే, ఆవిరయ్యే కర్బన రసాయనాల పరీక్ష ప్రత్యేకంగా అడగవలెను. మామూలు తాగునీటి పరీక్షలో అవి ఉండవు. ఆ నమూనాను గాజు సీసాలో గాలిబుడగ లేకుండ అంచు దాకా నింపి ఇవ్వవలెను. లేనిచో చూడవలసినది దారిలోనే ఎగిరిపోతుంది.

రెండవది, మరగబెట్టుట ఇక్కడ ఉపాయం కాదు. లవణాలు, లోహాలు మరిగిస్తే మరింత చిక్కబడతాయి. ఆవిరయ్యే రసాయనాలు గిన్నె విడిచి వంటింటి గాలిలోకి చేరతాయి. ఇంటి శుద్ధి యంత్రం లవణాలను తగ్గిస్తుంది గాని, రసాయనాలను పట్టవలసిన దానిలోని బొగ్గు కొంతకాలానికి నిండిపోతుంది. నిండినదని అది మీకు చెప్పదు.

మూడవది, నీరు చెడినదని తేలితే తాగుట ఒక్కటే మానితే చాలదు. రసాయనాన్ని బట్టి వంట, స్నానం కూడా మానవలసి ఉండవచ్చును. కారణమెవరో తేలేవరకు ఆగక, మొదట వేరే నీటి కొరకు పంచాయతీని గాని పురపాలక సంఘాన్ని గాని లిఖితపూర్వకంగా అడగండి. ఆ అర్జీ నకలు, నీటి పరీక్ష కాగితం, కుటుంబ సభ్యుల రక్తపరీక్షల కాగితాలు ఒకే కవరులో, తేదీల వరుసలో దాచండి.

నాలుగవది, చెడిన బోరును పూడ్చివేయక మూత వేసి ఉంచండి. కాలుష్యం పెరుగుతున్నదో తగ్గుతున్నదో రేపు చెప్పవలసినది అదే.

మీ ఊరి డంపు గురించి పాత నివేదిక ఏదైనా ఎవరి బీరువాలోనైనా ఉన్నదేమో ఈ వారమే విచారించండి. 1967 నాటి నివేదిక అబద్ధం చెప్పలేదు. దానిని చదివి కుళాయి వేయించిన వారు మాత్రం పదకొండేళ్ళ పాటు లేకపోయారు.